ఫ్రాన్స్ బడిలో ఇంగ్లీషు అసిస్టెంట్ ఉద్యోగం: చేసి చూశాక

ఫ్రాన్స్ విద్యాశాఖ తన ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లల చేత పరాయి భాషలు మాట్లాడించడానికి ఏటా విదేశాల నుంచి భాషా సహాయకులను తీసుకుంటుంది. ఇంగ్లీషు కోసం ఎంపికయ్యేవారిలో మన దేశపు యువతీయువకులు కూడా ఉంటారు. ఒప్పందం అక్టోబరు 1 నుంచి ఏప్రిల్ 30 వరకు, పని వారానికి 12 గంటలు, కోతలు పోగా నెలకు చేతికి వచ్చేది దాదాపు 800 యూరోలు. నేను ఈ ఉద్యోగాన్ని ల పుయీ ఆన్ వలే అనే చిన్న కొండ పట్టణంలోని ఒక లిసేలో, అంటే మన పదో తరగతి, ఇంటర్ వయసు పిల్లలు చదివే బడిలో, ఒప్పందం ముగిసేదాకా చేశాను. మొత్తం మీద మంచి అవకాశమనే చెబుతాను. అయితే మొదటి రెండు నెలలు కాగితాలతోనూ, ఆ తర్వాత ఖాళీ సమయంతోనూ వేగవలసి ఉంటుందని తెలిసి వెళ్లడం మంచిది.

కాగితాల సంగతి పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లయితే గాని పిచ్చి కుదరదన్నట్లే ఉంటుంది. జీతం పడాలంటే అక్కడి బ్యాంకు ఖాతా కావాలి, ఖాతా తెరవాలంటే చిరునామాకు రుజువు కావాలి, ఇల్లు అద్దెకు ఇవ్వాలంటే యజమాని జీతం రసీదులు అడుగుతాడు. ఈ ముడి విప్పడానికి నాకు ఉపయోగపడింది బడి హాస్టల్లో ఇచ్చిన గది. ఆ గదిలో ఉంటున్నట్లు బడి ఆఫీసు రాసిచ్చిన ఒక్క పేజీ ఉత్తరంతో బ్యాంకు పని మొదలైంది. హాస్టల్ లేని చోట 30 ఏళ్లలోపువారికి ఉచితంగా అద్దె హామీ ఇచ్చే విజాల్ అనే పథకం ఉంది, దాన్ని ఒప్పుకునే యజమానిని వెతుక్కోవాలి. వీసాను దేశంలో అడుగుపెట్టిన మూడు నెలల్లోగా ఆన్‌లైన్‌లో ధ్రువీకరించుకోవడం మరో తప్పనిసరి పని. నా మొదటి జీతం అక్టోబరు నెలాఖరుకు రాలేదు. జీతాల విభాగంలో నా దస్త్రం ఎవరి బల్ల మీద ఆగిందో ఎవరూ చెప్పలేకపోయారు, నవంబరు చివర్లో రెండు నెలలదీ కలిపి వేశారు. కాబట్టి కనీసం 1,500 యూరోలు చేతిలో పెట్టుకుని బయలుదేరమని నా సలహా.

మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఎదురయ్యే చిక్కు ఇంటిపేరుతో వస్తుంది. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, పదో తరగతి సర్టిఫికెట్‌లో పొడి అక్షరంగా ఉంటుంది, పురపాలక సంఘం ఇచ్చిన పాత జనన ధ్రువపత్రంలో ఒక్కోసారి పిల్లల పేరు గడే ఖాళీగా ఉంటుంది. ఆరోగ్య బీమా సంఖ్యకూ, ఇంటి అద్దెలో కొంత భరించే ప్రభుత్వ సాయానికీ జనన ధ్రువపత్రమే ఆధారం గనుక, బయలుదేరడానికి చాలా ముందే దాన్ని పాస్‌పోర్టులోని స్పెల్లింగుకు సరిపోయేలా దిద్దించుకుని, విదేశాల్లో చెల్లేలా ప్రభుత్వం వేసే అపోస్టిల్ ముద్ర వేయించుకుని, న్యాయస్థానం గుర్తించిన అనువాదకుల చేత ఫ్రెంచిలోకి మార్పించుకోవాలి. అక్కడికి వెళ్లాక ఇక్కడి మున్సిపల్ ఆఫీసు చుట్టూ తిరగడానికి ఇంట్లోవాళ్లను పంపడం ఎంత కష్టమో చెప్పనక్కరలేదు.

ఇక తరగతి గది. సహాయకులకు మార్కులు వేసే బాధ్యత ఉండదు, తరగతి మొత్తం బాధ్యత కూడా టీచరుదే. ఆచరణలో టీచరు సగం మందిని మీకు అప్పగించి పక్క గదికి పంపుతారు, ఏం చేయించాలో చాలాసార్లు చెప్పరు. ఫ్రెంచి పిల్లలు వ్యాకరణం బాగానే చదువుకుని ఉంటారు గానీ తప్పు మాట్లాడితే పక్కవాళ్లు నవ్వుతారన్న బెరుకుతో నోరు విప్పరు. భారతదేశం గురించి స్లైడ్లు వేసి ఉపన్యాసం ఇచ్చిన రోజున పిల్లలు మర్యాదగా విని వెళ్లిపోయారు. మా బంధువుల పెళ్లి శుభలేఖ ఒకటి బల్ల మీద పెట్టి, ఇందులో ఎవరెవరున్నారో, ఎప్పుడు ఎక్కడికి రమ్మంటున్నారో కనిపెట్టి ఇంగ్లీషులో చెప్పమన్న రోజున మాత్రం గంట చాలలేదు. ముహూర్తం తెల్లవారుజామున 3.12 అని ఉండటం చూసి అది అచ్చుతప్పని ఒక వరుసవాళ్లు వాదించారు, ఆ వేళకు భోజనం పెడతారా అని ఇంకొకరు అడిగారు, అన్ని పేర్లు ఎందుకు వేయించారో ఊహించడంలో ఎప్పుడూ మాట్లాడని పిల్లవాడు కూడా రెండు పూర్తి వాక్యాలు చెప్పాడు. అందుకే లగేజీలో ఒక మూల శుభలేఖ, బస్సు టికెట్టు, రేషను కార్డు నకలు, హోటల్ మెనూ లాంటివి పెట్టుకోండి. దేశాన్ని పొగిడే రంగురంగుల పుస్తకాల కంటే ఇవి ఎక్కువ పని చేస్తాయి.

మన యాసను గురించి బెంగపడవలసిన పని లేదు. బ్రిటన్ నుంచో అమెరికా నుంచో సహాయకులు వస్తారని ఆశించిన టీచర్లు ఒకరిద్దరు మొదట్లో కొంత ముభావంగా ఉన్నారు, కొన్ని వారాల్లో అది సర్దుకుంది. స్టాఫ్ రూములో నన్ను ముందుగా పలకరించినది ఒక పెద్ద వయసు చరిత్ర మాస్టారు. ఒకప్పుడు ఫ్రెంచి బడుల్లో కంఠస్థం చేయించిన పాండిచ్చేరి, కారైకాల్, యానాం, మాహే, చందర్‌నగర్ పేర్లను ఆయన ఇంకా మరచిపోలేదు. 1954 వరకు ఫ్రెంచి పాలనలో ఉన్న యానాం మా గోదావరి ఒడ్డునే ఉందని చెప్పాక నా మాతృభాష ఏమిటో ఆయనకు వివరించే శ్రమ తప్పింది. ప్రభుత్వ బడుల్లో సిబ్బంది మత చిహ్నాలు ధరించకూడదన్న నియమం ఉంది. బొట్టు సంగతి ముందే అడిగాను, మా బడిలో అభ్యంతరం చెప్పలేదు. మరో బడిలో మరో జవాబు రావచ్చు కాబట్టి మీరూ అడిగే పెట్టుకోండి.

భోజనానికి మధ్యాహ్నం బడి క్యాంటీన్ చవక. వారానికి కనీసం ఒక రోజు శాకాహార భోజనం పెట్టాలని అక్కడ చట్టమే ఉంది, మిగతా రోజుల్లో శాకాహారులకు ఉడికించిన కూరగాయలు, జున్ను, రొట్టె దిక్కు. ల పుయీ పట్టణం ఆకుపచ్చటి పప్పుగింజలకు ఫ్రాన్స్ అంతటా ప్రసిద్ధి. శనివారం సంతలో వాటిని చూసి పప్పు కరువు తీరిందని సంబరపడ్డాను గానీ, అవి ఎంత ఉడికించినా పొట్టుతో గింజకు గింజగా నిలుస్తాయి, మెత్తగా మెదిగి అన్నంలో కలవవు. పప్పు కోసం సూపర్‌మార్కెట్లో దొరికే మైసూరుపప్పే శరణ్యం. కందిపప్పు, చింతపండు కావాలంటే లియోన్‌కో, పారిస్‌లో శ్రీలంక తమిళుల దుకాణాలున్న లా షాపెల్‌కో వెళ్లాలి.

నిజంగా బరువైనది ఖాళీ సమయం. 12 గంటల పని మూడు రోజుల్లో అయిపోతుంది, ఆదివారం ఊరంతా మూసి ఉంటుంది, నవంబరులో సాయంత్రం ఐదున్నరకే చీకటి పడుతుంది. పెద్ద నగరం దొరకలేదని చాలామంది బాధపడతారు. నా ఉద్దేశంలో చిన్న ఊరే మేలు, ఎందుకంటే అద్దె ఈ జీతంలో ఇముడుతుంది, ఇంగ్లీషులో మాట్లాడేవాళ్లు తక్కువ కాబట్టి ఫ్రెంచి తప్పక వస్తుంది. పురపాలక గాయక బృందంలో చేరాక నా వారం ఒక రూపానికి వచ్చింది. కాగితం మీద ఫ్రెంచిలో బీ1, అంటే యూరప్ భాషా కొలమానంలో మధ్యస్థ స్థాయి, సరిపోతుంది గానీ, ఆఫీసులకు ఫోన్ చేసి పని జరిపించుకోవడానికి అంతకు మించిన ఫ్రెంచి కావాలి. డబ్బు వెనకేసుకుందామనో, అక్కడే స్థిరపడదామనో అనుకునేవారికి ఇది దారి కాదు. ఫ్రెంచి చదువుకుని, టీచరు వృత్తి తనకు పడుతుందో లేదో తేల్చుకోవాలనుకునేవారికి సిఫారసు చేస్తాను.

తిరిగి వచ్చేవారికి ఒక మాట. గది ఖాళీ చేశాక అడ్వాన్సు వాపసు ఇవ్వడానికి యజమానికి నెల, ఒక్కోసారి రెండు నెలల గడువు ఉంటుంది. చివరి జీతం రసీదు, అద్దె సాయం బకాయి కూడా ఆ తర్వాతే వస్తాయి. విమానం ఎక్కే హడావిడిలో బ్యాంకు ఖాతా మూసేయకండి.