డబ్బాల్లో అమ్మే పులిసిన దాణా కొనేవాళ్లు జాగ్రత్త

అన్నలూ, అక్కలూ, నాటుకోడి పిల్లలకని డబ్బాల్లో పులిసిన దాణా అమ్ముతున్నారు. నేను కొన్నాను. 60 పిల్లల్లో 23 నాలుగు రోజుల్లో పోయినయి.

మాది కావలి దగ్గర పల్లె. వాట్సాప్ గ్రూపులో ఒకాయన వీడియో పెట్టాడు. ఈ దాణా తింటే పిల్లల పేగులు గట్టిపడతాయంట, రక్తపారుడు (నెత్తురు విరేచనాల జబ్బు) దగ్గరికి రాదంట, కొక్కెర తెగులుకి టీకా కూడా అక్కర్లేదంట. ఆ టీకా మాట దగ్గరే నేను ఆగాల్సింది. 20 కిలోల డబ్బా 1,900 రూపాయలు, డబ్బులు ముందే వేయాలి. బస్సు పార్సిల్లో వచ్చింది. తయారైన తేదీ లేదు, ఏ గింజలు కలిపారో లేదు. ఒక పుంజు బొమ్మ, కింద ఫోన్ నంబరు, అంతే.

మూత ఉబ్బి ఉంది. పులిసేటప్పుడు గ్యాస్ పుడుతుంది గాబట్టి దాన్ని తప్పు పట్టను. తీసినాక వాసన వచ్చింది చూడండి. మా అమ్మ తరవాణి కుండ ఎరిగిన మనిషి. వంటింట్లో నుంచే, "అది పులుపు వాసన కాదబ్బయ్యా, మురుగు వాసన. కోళ్లకి పెట్టబాక" అనింది. అంచుల్లో పచ్చగా నూగులాగా బూజు. 1,900 పోసి కొన్నది పారబోయటానికి చేతులు రాక, పైపైన తీసేసి పెట్టాను. ఆ తప్పు నాదే.

రెండో రోజుకి రెక్కలు వేలాడేసుకొని బల్బు కింద ముద్దగా నిలబడ్డయి. ఒకదాని మెడ కింద సంచి పట్టుకుంటే నీళ్ల తిత్తిలాగా జారింది. పశువుల ఆసుపత్రిలో డాక్టరు గారు చచ్చిన పిల్లని కోసి చూపించారు. కాలేయం పసుపు తిరిగి ఉబ్బి ఉంది, బూజు విషం అయ్యుండొచ్చు అన్నారు. తడి తగిలిన మొక్కజొన్న, వేరుశనగ చెక్కలో ఆ విషం పుడుతుంది. ఉడకేసినా పోదు, పులియబెట్టినా పోదు. పాడైన గింజని పులుపు మాటున అమ్మేస్తే కొనేవాడికి ఏం తెలుస్తుంది?

అమ్మినాయనకి ఫోన్ చేస్తే "వేడి చాల్లేదేమో" అన్నాడు. 12 రోజుల పిల్లలు, 32 డిగ్రీలు చూపిస్తున్న థర్మామీటరు ఫోటో పంపాను. బ్లాక్ చేశాడు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో ఫిర్యాదు రాయించాను, ఇంకా ఏమీ తేలలేదు.

పులిసిన మేతే చెడ్డదని నేననటంలా. మజ్జిగ పులిసినట్టే ఇదీ. ఆ పులుపుకి చెడ్డ క్రిములు కొన్ని అణుగుతాయి, పిల్లలకి అరుగుదల బాగుంటుంది. కానీ కొక్కెర తెగులు వైరస్, దానికి టీకానే దిక్కు. ఏడో రోజు దాని టీకా లసోటా వేయించాను గాబట్టి ఆ దిగులు నాకు లేదు. రక్తపారుడు కూడా పులిసిన మేతతో ఆగేది కాదు, కింద పొట్టు తడి లేకుండా చూసుకోవాలి, రెట్టలో నెత్తురు కనిపిస్తే వెంటనే డాక్టరుని అడగాలి. పశువుల అంబులెన్సుకి 1962.

ఇప్పుడు ఇంట్లోనే చేస్తున్నా. చిన్న పిల్లలకిచ్చే మామూలు స్టార్టర్ దాణా, అదీ సంచి మీద తేదీ చూసి. బోరు నీళ్లు దాణా పైన రెండంగుళాలు నిలిచేట్టు పోసి, నీడలో పెట్టి పూటకోసారి కలుపుతాను. మన ఎండలకి ఒక్క రోజు చాలు, అట్ల పిండి వాసన వస్తుంది. కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోయేదాకా రాత్రంతా తెరిచి ఉంచండి. అరగంటలో తినేంతే పెట్టి, మిగిలింది తీసేయాలి.

ఆ డబ్బా ఇప్పటికే కొనున్నవాళ్లు గేదెకన్నా పోద్దాం అనుకోవద్దు, బూజు విషం పాలల్లోకి దిగుతుంది. గుంత తీసి పూడ్చండి. నేను తెలివితక్కువగా పెంటకుప్పలో పోశాను. తెల్లారి చూస్తే మా పెద్ద పెట్ట అక్కడే గీరుతా ఉంది.