పేపర్ వ్యాసమా, యూట్యూబా, ఊరి లైబ్రరీనా: ఏది మేలు?

పీహెచ్‌డీ చేస్తున్న జూనియర్లు ఈ మధ్య అందరూ ఒకటే అడుగుతున్నరు. "అన్నా, ఫేక్ న్యూస్ మీద, ఎలక్షన్ల మీద, పక్క దేశాల లొల్లి మీద మనకు తెలిసింది జనానికి చెప్పాలంటే ఎక్కడ చెప్తే మేలు?" కేయూ (కాకతీయ యూనివర్సిటీ) క్యాంటీన్ల ఇదే ముచ్చట, రాత్రి ఫోన్ల కూడా ఇదే ముచ్చట. మూడూ చేసి చూసినోన్ని కాబట్టి ఒక్కసారి రాసి పెడుతున్న, ఇగ ఎవరడిగినా ఇదే పంపుత.

ముందు పేపర్ వ్యాసం. తీసిపారెయ్యకుండ్రి, కొన్ని సంగతులు వ్యాసంలనే పడతయి. 2020 డిసెంబర్ల బ్రసెల్స్‌లోని ఈయూ డిస్‌ఇన్ఫోల్యాబ్ అనే, అబద్ధపు ప్రచారాల మీద ఆరా తీసే సంస్థ ఒక రిపోర్ట్ ఇచ్చింది గద, పాకిస్తాన్‌ను బద్నాం చేసేటందుకు మన ఇండియా దిక్కు నుంచి 119 దేశాలల్ల 750కి పైన డమ్మీ మీడియా సైట్లు నడిచినయని. అందుల లూయిస్ సోన్ అనే అంతర్జాతీయ న్యాయశాస్త్రం ప్రొఫెసర్ పేరు కూడా వాడుకున్నరు, ఆయన 2006ల చనిపోతే 2007ల ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి సమావేశానికి వచ్చినట్టు రాసుకున్నరు. అట్లాంటి పనులు మేం చేసేది లేదని మన విదేశాంగ శాఖ చెప్పింది. ఇటు ఇది, అటు అది, రెండూ పెట్టి చెప్పాలంటే కనీసం 800 పదాలు కావాలె, నిమిషం రీల్‌ల పెడితే కింద కామెంట్లల్ల నువ్వు దేశభక్తునివా ద్రోహివా అనే లెక్కనే తేలుతది.

గని ఆ వ్యాసం చదివేదెవరు? రిటైరైన సార్లు, సెంట్రల్ లైబ్రరీల గ్రూప్స్‌కు చదివే పిల్లలు. పిల్లలు పెన్నుతోని గీతలు గీసుకోని మరీ చదువుతరు, అది సంతోషమే. ఫార్వర్డ్ కొట్టేటోడు మాత్రం ఆ పేజీ దాకా రాడు.

యూట్యూబ్ దగ్గర జనం మస్తు దొరుకుతరు, కాదనను. పోయిన ఏడాది, అంటే 2025 మేల, ఆపరేషన్ సిందూర్ అప్పుడు టీవీ చానళ్ళే కరాచీ పోర్టు పేల్చేసిన్రని చెప్పినయి, వీడియో గేమ్ క్లిప్పులు యుద్ధం కింద తిరిగినయి, మా ఇంటి గ్రూపులనే నాలుగు వచ్చినయి. నేను గబగబా వీడియో చేద్దామని కూసున్న, స్క్రిప్ట్ రాసి, రికార్డ్ చేసి, ఎడిట్ చేసేసరికి మర్నాడు మధ్యాహ్నమైంది, అప్పటికి జనం ఇంకో అబద్ధం మీదికి పోయిన్రు. పైగా థంబ్‌నెయిల్‌ల "షాకింగ్ నిజం" అని పెట్టకపోతే ఎవడూ నొక్కడు, పెడితే మనం ఎవలను తిడుతున్నమో వాళ్ళ లెక్కనే కనిపిస్తం. "నీకెట్ల తెలుసు" అని అడిగినోడు ఒక్కడు లేడు, "నువ్వు ఏ పార్టీ" అని అడిగినోళ్ళే అందరూ.

టీవీ డిబేట్, ట్విట్టర్ గురించి అడగకుండ్రి. ఒకదాంట్ల మాట్లాడనియ్యరు, ఇంకోదాంట్ల మన ఊరోళ్ళే ఉండరు.

ఇగ ఊరి సంగతి. నా మొగ్గు ఇటే, దాచుకునేదేం లేదు. అయితే మొదటిసారి నేను ఘోరంగ ఫెయిలైన. పరకాల దిక్కు ఒక హైస్కూల్ల గంటసేపు మాట్లాడిన, చప్పట్లు కొట్టిన్రు, శాలువా కప్పిన్రు, జిల్లా ఎడిషన్ల ఫోటో కూడా పడ్డది. నేను అబద్ధమని చూపిన ఒక ఫార్వర్డ్ మీద ఒక పిల్ల లేచి "సార్, అది మా బాపు పంపిండు, మా బాపు అబద్ధమాడతడా?" అన్నది. ఏదో నవ్వించి తప్పించుకున్న. రెండు నెలలైనంక నన్ను పిలిచిన సారే నాకు ఒక ఫేక్ ఫార్వర్డ్ పంపిండు.

ఇది నా ఒక్కని కథ కాదు. 2019 లోక్‌సభ ఎన్నికలప్పుడు సుమిత్రా బద్రినాథన్ అనే రీసెర్చర్ బీహార్ల 1,224 మందితోని చేసిన ప్రయోగం ఉన్నది, ఇంటికి పోయి గంటసేపు కూసోని అబద్ధపు వార్త ఎట్ల పట్టుకోవాల్నో నేర్పిన్రు, మొత్తం మీద ఫాయిదా కనపడలే. బీజేపీ అభిమానులకైతే వాళ్ళకు నచ్చిన వార్తల కాడ ఉల్టానే కొట్టింది. తర్వాత ఆమెనే ఇంకొందరితోని కలిసి మళ్ళా బీహార్లనే చేసింది, ఈసారి 583 ఊర్లు, 13,500 మంది బడి పిల్లలు, ఊరి లైబ్రరీలల్ల కూసోబెట్టి కొన్ని వారాల పొడుగున నాలుగు క్లాసులు. ఈసారి పనిచేసింది, నెలలు గడిచినా నిలిచింది, ఆ పిల్లల తల్లిదండ్రులకు కూడా కొంత అంటింది. అదే రాష్ట్రం, తేడా ఏందంటే చిన్న వయసోళ్ళను పట్టుకున్నరు, మళ్ళా మళ్ళా పోయిన్రు.

అందుకే నేను ఎంతమందికి చేరుతదని చూస్తలేను, మళ్ళా పోతమా లేదా అని చూస్తున్న. 2018ల పిల్లల్ని ఎత్తుకపోయేటోళ్ళు వచ్చిన్రన్న పుకారు లేసినప్పుడు గద్వాల ఎస్పీగ ఉన్న రెమా రాజేశ్వరి కూడా ప్రెస్‌మీట్‌తోని సరిపెట్టుకోలే, పోలీసుల్ని ఊర్లల్లకు పంపి, డప్పు కొట్టిచ్చి పాటలల్ల చెప్పిచ్చింది. లైబ్రరీ అంటే మనకు కొత్తదా? నిజాం కాలంలనే, 1904ల హన్మకొండల రాజరాజనరేంద్ర ఆంధ్రభాషా నిలయం పెట్టుకున్నోళ్ళం.

కష్టం లేదని అనను. నాలుగు శనివారాలు పోతయి, పెట్రోల్ మనదే, ఊరి ముచ్చట రీసెర్చ్ పేపర్ కింద లెక్కకు రాదు, అట్లైతే పేపర్ వ్యాసం కూడా రాదనుకో. పెద్ద క్లాసులోళ్ళకు పరీక్షలని బడులు ఒప్పుకోవు, ఎనిమిది తొమ్మిది క్లాసులే అడగండ్రి. మొదటి వారం ఉపన్యాసం వద్దు, వాళ్ళింట్ల ఫోన్ల వచ్చినవే రాసుకరమ్మనండ్రి.

అదే బడికి ఈసారి మళ్ళా పోయిన. మూడో వారం ఆ బాపు పిల్లనే లేచి, ఫోటోను గూగుల్ లెన్స్‌ల పెట్టి చూస్తే పాతదని తేలింది సార్, మా బాపుకు చూపిస్తే "నాకు మీ చిన్నాయన పంపిండు" అన్నడు, ఇప్పుడు చిన్నాయనను అడగాలె అన్నది. నాలుగో క్లాసు వచ్చే శనివారం ఉన్నది, బండి మీద ఇంకొకరికి జాగ ఉన్నది, పొద్దుగాల ఎనిమిదింటికి కేయూ క్రాస్ రోడ్డు కాడికి రాండ్రి.