అవతలి వైపు పోయిన గుర్రం: టీవీలో రేసులు ఇరవై ఏళ్లు చూశాక

మా ధర్మాబాద్‌లో ఆదివారం మధ్యాహ్నం టీవీలో గుర్రప్పందేలు పెట్టుకుని కూర్చునే ఇల్లు మాదొక్కటే కావచ్చు. నాందేడ్ జిల్లాలో మిర్చి మార్కెట్‌కు పేరున్న ఊరు. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ, రైలెక్కితే కాసేపటికే బాసర. రేసు పిచ్చి మా ఇంటికి చిన్నాయన తెచ్చిపెట్టాడు. మలక్‌పేట రేస్‌కోర్సులో ముప్పై ఏళ్లు సైసుగా గుర్రాలను కడిగి, మాలిష్ చేసి, తిప్పి 2004లో ఊరికి వచ్చేశాడు. అప్పటి నుంచి ఇద్దరం చూస్తూనే ఉన్నాం. మొదట కేబుల్‌లో, తర్వాత డిష్‌లో, ఇప్పుడు ఫోన్‌లో వచ్చే ప్రసారాన్ని టీవీకి ఎక్కించుకుని. పందెం మాత్రం కాయం. రేసుల్లో గెలిచి ఇల్లు కట్టినోణ్ణి తానైతే చూడలేదంటాడు ఆయన. పోయే పైసలు దుకాణంలోనే పోతున్నాయి, అవి చాలంటాను నేను. అందుకే ఈ రాతలో ఓడిన పందెం కడుపుమంట వెతక్కండి.

ప్రసారం బాగుందా లేదా తేల్చడానికి చాలామంది ఆఖరి రెండు వందల మీటర్లు చూస్తారు. అక్కడ ఎవరు తీసినా బాగానే వస్తుంది. గుర్రాలు స్టాండ్ల ముందుకే వస్తాయి, కెమెరాకు దగ్గర, జనం కేకలు, కామెంటేటర్ గొంతు తారస్థాయికి. నేను చూసేది అవతలి వైపు. స్టాండ్లకు దూరంగా, ట్రాకుకు ఆ పక్కన గుంపంతా పోయే ముప్పై, నలభై సెకన్లు. ముందున్న జాకీ గుర్రాన్ని పట్టి ఉంచాడా, వదిలేశాడా, కంచె పక్కన ఎవరు ఇరుక్కున్నారు, బయటి నుంచి తిరుగుతూ ఎవరు ఎక్కువ దూరం పరుగెత్తుతున్నారు, సగం పందెం అక్కడే తేలిపోతుంది. ఏటా ఫిబ్రవరిలో ముంబయి మహాలక్ష్మిలో జరిగే ఇండియన్ డెర్బీ 2400 మీటర్లు, రెండున్నర నిమిషాల పరుగు. అందులో మనకు సరిగ్గా కనిపించేది చివరి ముప్పై సెకన్లు అనుకోండి, మిగతాది నమ్మకం మీద నడుస్తుంది.

ఎందుకంటే అవతలి వైపు మన ప్రసారాల్లో కనిపించేది చీమలబారు. స్టాండు మీద పాతుకున్న కెమెరా దూరం పెరిగేకొద్దీ జూమ్ చేస్తుంది. జూమ్ చేస్తే ముందున్న రెండు మూడు గుర్రాలే తెరలో మిగులుతాయి. వెనకవి మాయం. మలుపు తిరిగాక ఎక్కణ్ణుంచో ఒకటి ఊడిపడి గెలుస్తుంది. నేను "అరెరె, ఇదెక్కడిది?" అంటే చిన్నాయనకు కోపం. "అది ఊడిపడలే బిడ్డా, అక్కడ్నే ఉండె. మనకే సూపెట్టలే."

పాత కేబుల్ రోజుల్లో బొమ్మ మసకగా ఉన్నా గుంపంతా ఒకే చట్రంలో ఉండేది. బొమ్మ స్పష్టమైన కొద్దీ కెమెరామన్‌కు దగ్గరికి లాగాలనే ఆశ పెరిగినట్టుంది.

ఈ రోగం మనదొక్కటే కాదు. అమెరికాలో 2022 కెంటకీ డెర్బీలో రిచ్ స్ట్రైక్ అనే గుర్రం 80కి 1 ధర మీద, అంటే రూపాయి కాస్తే ఎనభై వచ్చే ధర మీద, గెలిచింది. ముందు రోజు ఇంకో గుర్రం తప్పుకుంటే చోటు దొరికిన గుర్రం అది. ఆఖరి వంద మీటర్ల దాకా అందరి కళ్లూ ముందు కొట్టుకుంటున్న రెండింటి మీదే. తర్వాత పైనుంచి తీసిన దృశ్యం చూస్తే గానీ, ఇరవై గుర్రాల గుంపులో అది సందులు వెతుక్కుంటూ, ఒకదాన్ని చుట్టి ఇంకోదాని పక్కనుంచి ఎలా దూరిందో తెలియలేదు. చిన్నాయన ఆ వీడియో నా ఫోన్‌లో పదిసార్లు పెట్టించుకున్నాడు. అమెరికావాళ్లను మెచ్చుకున్నది మాత్రం 2019 డెర్బీకి. ముందు దాటిన మాగ్జిమమ్ సెక్యూరిటీ అనే గుర్రం ఆఖరి మలుపులో పక్కకు జరిగి మిగతావాటికి అడ్డొచ్చిందని స్టీవార్డులు, అంటే రేసు తీర్పు చెప్పేవాళ్లు, ఇరవై నిమిషాలకు పైగా వీడియోలు చూసి, దాన్ని దించి కంట్రీ హౌస్‌ను గెలిపించారు. అంతసేపూ అదే ముక్కను ముందు నుంచి, పక్క నుంచి తిప్పి తిప్పి చూపించారు. మాకిక్కడ తెల్లవారుజామున ఐదు కావస్తోంది, టీ చల్లారిపోయింది. ఆ ఇరవై నిమిషాలకు ముందు గంటల తరబడి ఆడవాళ్ల టోపీలు చూపించారు, అది వేరే సంగతి. ఇంగ్లండ్ రాయల్ ఆస్కట్‌లోనూ టోపీలదే రాజ్యం.

ఉన్నవాటిలో నేను ఎక్కువ మార్కులు వేసేది హాంకాంగ్ ప్రసారానికి. రేసు దూరంలో ఒక్కో ముక్కకు పట్టిన సమయం తెర మీద వస్తుంది. మొదటి 400 మీటర్లు మెల్లగా పోయారంటే ముందున్నవాటికి బలం మిగులుతుంది, వెనకున్న గుర్రానికి కష్టమని ముందే తెలుస్తుంది, అంకె చూసి మనమే లెక్క కట్టుకోవచ్చు. మన దగ్గర గెలిచిన గుర్రం మొత్తం సమయం చెప్పి ఊరుకుంటారు.

దీనికి కారణం కొంత ఊహించుకోగలను. జులై నుంచి అక్టోబరు వరకు పుణెలోనూ హైదరాబాద్‌లోనూ సీజన్ నడుస్తుంది. ఒక ఊరి క్లబ్బులో కూర్చుని ఇంకో ఊరి రేసు మీద పందెం కాసే ఇంటర్‌వెన్యూ పద్ధతి ఉంది. కాబట్టి ప్రసారం తయారయ్యేది ఆ కౌంటర్ల ముందు నిలబడ్డవాడి కోసం. వాడికి ధరలు కావాలి, ఫలితం కావాలి, వెంటనే తర్వాతి రేసు కావాలి. తెర సగం అంకెల పట్టిక ఆక్రమించేది అందుకే. గుర్రాలు గీత దాటిన నిమిషానికే ఇంకో ఊరికి దూకేదీ అందుకే. ఇంట్లో కూర్చుని గుర్రాన్ని చూద్దామనుకునే మాలాంటి వాళ్లు వాళ్ల లెక్కలో లేరు.

చిన్నాయన అసలు బాధ ప్యాడాక్ గురించి. రేసుకు ముందు గుర్రాలను తిప్పి చూపించే చోటు అది. పట్టిక వెనకాల, తెర మూలన అగ్గిపెట్టెంత గడిలో అవి నడుస్తుంటాయి. చెవులు ముందుకున్నాయా, వెనక తొడల మధ్య నురగ కట్టిందా, వెనక కాలు ముందుకాలి అడుగును దాటి పడుతోందా, సైసు వదులుగా పట్టుకుని నడుస్తున్నాడా లేక రెండు చేతులా ఆపుతున్నాడా, ఇవి చూడనిదే ఆయనకు రేసు చూసినట్టు కాదు. ఏటా లోహా దగ్గర మాళేగావ్ ఖండోబా జాతరకు పోతాం. అక్కడి గుర్రాల బజారులో కొనేవాడు గుర్రాన్ని రెండుసార్లు పరుగెత్తించి చూడందే బేరం మొదలుపెట్టడు. జాతరలోవి మార్వాడీ, కాఠియావాడీ జాతులు, రేసువి థరోబ్రెడ్లు, అయినా నడక నడకే అంటాడు. "గుర్రాన్ని సూడనియ్యరు, గుర్రమెక్కినోన్ని సూపెడతరు."

ఇంకో తగువు రేసు ముగిసే గీత దగ్గర. రెండు గుర్రాలు కలిసి దాటితే చిన్నాయన స్టాండు వైపున్నదే గెలిచిందని ఒట్టేసేవాడు, ఫోటో వచ్చాక కంచె వైపుది గెలిచేది. చాలా రోజులు మోసమనుకున్నాం. మోసం కెమెరా చోటులో ఉంది. అది సరిగ్గా గీతకు ఎదురుగా కాకుండా గీతకు కాస్త ఇవతల ఉంటే, ముక్కూ ముక్కూ సమానంగా ఉన్నా దగ్గరి గుర్రం ముందున్నట్టు కనిపిస్తుంది. గీత దాటి అవతల ఉంటే దూరంగా ఉన్నది ముందున్నట్టు కనిపిస్తుంది. ఫోటో ఫినిష్ కెమెరా వేరే రకం. అది గీతనొక్కదాన్నే సన్నని సందులోంచి చూస్తూ, ఒక్కో క్షణాన్ని ఒక్కో నిలువు చారగా పక్కపక్కన పేరుస్తుంది. అందుకే ఆ ఫోటోలో కాళ్లు ఒక్కోసారి వంకరగా సాగినట్టుంటాయి. ఈ నాలుగు మాటలు కామెంటేటర్ ఒక్కసారి చెప్పి ఉంటే మా ఇంట్లో ఇన్నేళ్ల తగువు ఉండేది కాదు.

కామెంటరీ సంగతికొస్తే, మనవాళ్లలో కొందరు చొక్కా రంగులు చూసి పన్నెండు గుర్రాల పేర్లు తడబడకుండా చదువుతారు. అది చిన్న విద్య కాదు. కానీ అంతా ఇంగ్లీషు. క్రికెట్‌కూ కబడ్డీకీ తెలుగు వ్యాఖ్యానం వచ్చి ఏళ్లయింది, గుర్రప్పందేనికి ఇంతవరకు నేను వినలేదు.

ఫోన్ ప్రసారంలో ఆలస్యం ఇంకో తలనొప్పి. ఒకసారి మా గుర్రం ఇంకా మలుపు తిరగకముందే మలక్‌పేట నుంచి చిన్నాయన పాత దోస్తు ఫోన్ చేసి "మనది మూడోదొచ్చింది" అన్నాడు. ఆ రోజు నుంచి రేసు టైముకు ఫోన్ తీయం. నవంబరు మొదటి మంగళవారం మెల్‌బోర్న్ కప్ మనకు పొద్దున తొమ్మిదిన్నరకు. దుకాణం తెరిచే వేళ, గల్లా పక్కన ఫోన్ నిలబెట్టి చూస్తాను. 3200 మీటర్ల రేసు కాబట్టి తెర చిన్నదైనా గుర్రాన్ని పట్టుకునే వ్యవధి ఉంటుంది.

ఇప్పుడు ఆయనకు ఎనభై దాటాయి, ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది. మా పద్ధతి మారింది. సౌండ్ కట్టేస్తాం. రేస్‌బుక్‌లోని చొక్కా రంగులు నేను ముందే చదివి వినిపిస్తాను, ఆయన ఒకటి ఎంచుకుంటాడు. గేటు తెరుచుకున్నాక నేను తెలుగులో చెబుతూ పోతాను. అవతలి వైపుకు పోగానే "ఏడున్నదిరా?" అంటాడు.

"కనబడతలేదు చిన్నాయనా."

"కంచె పక్కకు సూడు, నాలుగోది."

తెరలో రెండే ఉంటాయి.