తుర్తుక్‌లో రాత్రి బస చేయండి

లద్దాఖ్‌లోని నుబ్రా లోయకు వెళ్లేవారిలో చాలామంది హుందర్ ఇసుక తిన్నెల దగ్గరే ఆగిపోతారు. రెండు మూపురాల ఒంటెలు, వరుస గుడారాలు, రాత్రంతా పాటల హోరు. నాకక్కడ మనసు నిలవలేదు. ష్యోక్ నది వెంట ఇంకా దిగువకు వెళ్తే తుర్తుక్ వస్తుంది. దారి ఇరుకు, తనిఖీలు తప్పవు. అయినా లద్దాఖ్‌లో మళ్లీ వెళ్లాలనిపించే ఊరు నాకు అదే.

1971 డిసెంబరు దాకా ఇది పాకిస్థాన్ ఆధీనంలో, బాల్టీ భాష మాట్లాడేవారి పల్లె. నుబ్రా బిడ్డ మేజర్ చెవాంగ్ రించెన్ నాయకత్వంలో మన సైన్యం తుర్తుక్‌తో పాటు చలుంకా, త్యాక్షి, థాంగ్ గ్రామాలను స్వాధీనం చేసుకుంది. గడప దాటకుండానే జనానికి దేశం మారింది. పనుల మీద అటు వెళ్లినవాళ్లు అటే ఉండిపోయారు. మేం దిగిన ఇంటి పెద్దాయన అన్నగారు సరిహద్దు అవతల ఖప్లూలో ఉన్నారట. ఆ ఊరూ ఈ నది ఒడ్డుదే. సరిహద్దు తెరిచి ఉన్న రోజుల్లోనూ ఆయన్ను చూడాలంటే వీసా సంపాదించి, పంజాబ్ దాకా వెళ్లి వాఘా దాటాల్సిందే.

భోజనాల దగ్గర తోటి యాత్రికుడొకరు ఆయన్నే అడిగారు: “మీకు భారత్ ఇష్టమా, పాకిస్థానా?” పెద్దాయన మర్యాదగా “మేం భారతీయులమే కదా” అన్నారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ ఇంట్లో బాల్టీ మాట్లాడతారు, నమాజు చేస్తారు, కొడుకు సియాచిన్ దారిలో సైన్యానికి సరుకులు మోస్తాడు. వీటిలో దేనికీ దేనితోనూ తగవు లేదు. నా భారతీయతకు ఎవరూ ఎన్నడూ రుజువు అడగలేదు. 2010లో పర్యాటకులను అనుమతించినప్పటి నుంచి వాళ్లు మాత్రం వచ్చిన ప్రతి అతిథికీ జవాబు చెప్పుకోవాలా? ఇది అన్యాయం.

బస విషయానికొస్తే, గది చిన్నదే గానీ శుభ్రం. వేడినీళ్లు బకెట్‌తో ఇస్తారు. బక్‌వీట్ (కుట్టు) పిండి అట్లు, పెరుగు, ఆప్రికాట్లు కడుపునిండా పెట్టారు. యబ్గో రాజవంశీకుల ఇంట్లోని మ్యూజియం తప్పక చూడండి. థాంగ్‌లో బైనాక్యులర్లతో సరిహద్దు అవతలి ఊరిని చూపిస్తారు. విడిపోయిన కుటుంబాల బాధను వేడుకగా చూడటం నాకు నచ్చలేదు, త్వరగా వచ్చేశాను.

సరిహద్దు ప్రాంతానికి వెళ్లే అనుమతి పత్రాల (పర్మిట్) నకళ్లు, నగదు దగ్గర ఉంచుకోండి. మన ప్రాంతపు ప్రీపెయిడ్ సిమ్ లద్దాఖ్‌లో పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ తీసుకెళ్లండి. పగలు వచ్చి వెళ్లేవాళ్లు సాయంత్రానికి ఖాళీ అవుతారు. ఊరివాళ్లు తీరిగ్గా కూర్చుని మాట్లాడేది ఆ తరువాతే.