బుడాపెస్ట్: కారం లేని ఎర్రపొడి ఊళ్లో

హంగేరీ రాజధాని బుడాపెస్ట్ వెళ్తున్నామని ఎవరు చెప్పినా నేను మొదట అనే మాట ఒకటే. పెద్ద మార్కెట్ తప్పకుండా చూడండి, అక్కడ సరుకులు కొనుక్కోండి, భోజనానికి మాత్రం ఇంకో చోటికి వెళ్లండి.

పెద్ద మార్కెట్ అంటే డాన్యూబ్ ఒడ్డున, ఆకుపచ్చ రంగు లిబర్టీ బ్రిడ్జి పక్కనే ఉన్న సెంట్రల్ మార్కెట్ హాల్. 1897లో తెరిచారు. పైకప్పు నిండా జొల్నాయ్ కంపెనీ చేసిన రంగురంగుల పెంకులు. కింది అంతస్తులో కూరగాయలు, మాంసం, పాప్రికా అనే ఎర్ర మిరపపొడి. పై అంతస్తులో ఎంబ్రాయిడరీ గుడ్డలు, బొమ్మలు, తిండి స్టాళ్లు. మధ్యాహ్నానికి ఆ తిండి స్టాళ్ల దగ్గర నిలబడడానికి కూడా చోటుండదు. లాంగోష్ అనే నూనెలో వేయించిన రొట్టె మీద వేసే ప్రతి దానికీ విడిగా లెక్క కడతారు కాబట్టి బిల్లు చూశాక ఆకలి తీరినట్టే ఉంటుంది. పొద్దున్న ఎనిమిదింటికల్లా వెళ్తే ఊళ్లోవాళ్లు సంచులు పట్టుకుని కూరలు కొనుక్కోవడం కనిపిస్తుంది. ఆదివారం వెళ్లేలా ఉంటే తెరిచి ఉంటుందో లేదో ముందే చూసుకోండి.

నాకు బాగా నచ్చింది నేలమాళిగ. అక్కడ ఊరగాయల కొట్లున్నాయి. గాజు సీసాల్లో దోసకాయ ముక్కలు, క్యాబేజీ, ఎర్ర మిరపకాయలు పేర్చి కళ్లూ ముక్కూ మీసాలూ ఉన్న ముఖాలు చేసి పెడతారు. వేసవిలో దొరికే కోవాసోష్ ఉబోర్క అనే పులియబెట్టిన దోసకాయ అడిగి మరీ తినండి. దోసకాయల్ని నిలువునా చీల్చి, ఉప్పునీళ్లు పోసి, వెల్లుల్లి, సోయికూర వేసి, పైన ఒక రొట్టె ముక్క పెట్టి సీసాని ఎండలో ఉంచుతారు. రొట్టె వల్ల త్వరగా పులుస్తుంది. నూనె లేదు, ఆవపిండి లేదు, అయినా నోరు ఊరుతుంది.

ఇక పాప్రికా. మా ఆవిడ కొట్టు దగ్గర చిటికెడు నోట్లో వేసుకుని, "రంగు సరే, కారం ఎక్కడుందండీ?" అంది. గుంటూరు మిరప తిని పెరిగినవాళ్లకి ఆ అనుమానం సహజం. మిరప హంగేరీవాళ్లకీ మనకీ అమెరికా ఖండాల నుంచే వచ్చింది. మనకి పోర్చుగీసువాళ్లు తెస్తే, వాళ్లకి ఆటోమన్ తుర్కుల కాలంలో చేరింది. వాళ్లు దాన్ని కారం కోసం కాక రంగు కోసం, వాసన కోసం పెంచుకున్నారు. ప్యాకెట్ మీద ఏదెష్ అని ఉంటే తియ్యటిది, చీపోష్ అని ఉంటే కాస్త ఘాటుది. సెగెద్, కలోచా ఊళ్ల సరుక్కి పేరు. సెగెద్‌లో పనిచేసిన ఆల్బర్ట్ సెంట్-జ్యోర్జి ఈ మిరపకాయల నుంచే విటమిన్ సి పెద్ద మొత్తంలో తీశాడు, 1937లో నోబెల్ అందుకున్నాడు.

ముద్దొచ్చే గుడ్డసంచుల్లో, వెలుతురు పడేలా వేలాడదీసిన పాప్రికా కొనొద్దు. వెలుతురుకి రంగూ వాసనా పోతాయి. సీలు వేసిన మామూలు ప్యాకెట్ మేలు. ఇంటికొచ్చాక ఉల్లిపాయ వేగిన గిన్నెని పొయ్యి మీంచి దించి అప్పుడు వెయ్యాలి. మరిగే నూనెలో వేస్తే మాడి చేదెక్కుతుంది.

అసలు బజారు చూడాలంటే 13వ డిస్ట్రిక్ట్‌లోని లెహెల్ మార్కెట్‌కి వెళ్లండి. కట్టడం రంగులు చూస్తే కొందరికి నవ్వొస్తుంది, నాకు మాత్రం నచ్చింది. టూరిస్టులు తక్కువ, ధరలు తక్కువ, ఇంగ్లీషు కూడా తక్కువే. ఇక్కడ తూకం 'డెక'ల్లో అడుగుతారు. ఒక డెక అంటే పది గ్రాములు. కొట్టువాళ్లు చిరునవ్వుతో పలకరిస్తారని ఆశపడకండి, తూకంలో మాత్రం తేడా రాలేదు. చేతిలో ఫోరింట్ల (హంగేరీ డబ్బు) నగదు ఉండాలి. కార్డు గీస్తే, మిషన్ యూరోల్లో కట్టమంటారా అని అడిగినా ఫోరింట్లే నొక్కండి.

భోజనానికి ఏట్‌కెజ్‌డెలు ఉన్నాయి. మధ్యాహ్నం పూట పనివాళ్లు, ముసలివాళ్లు తినే చిన్న హోటళ్లు. గళ్ల టేబుల్‌క్లాత్, పొగలు కక్కే గుయాష్ అనే మాంసం సూపు, రొట్టె. చాలావాటికి శనాదివారాలు సెలవు, సాయంత్రానికి గిన్నెలు ఖాళీ. నా లెక్కలో ఊరి మొత్తం మీద డబ్బుకి తగ్గ భోజనం ఇదే. శాకాహారులకి ఫోజెలేక్ దొరుకుతుంది. బఠాణీ, గుమ్మడి, పాలకూర లాంటివి ఏదో ఒకటి ఉడికించి, మైదాతోనో మీగడతోనో చిక్కగా చేస్తారు. పైన వేయించిన గుడ్డు వేయమంటారా అని అడుగుతారు. "హూష్ నేల్‌కూల్" అంటే మాంసం లేకుండా అని. ఆ ఒక్క మాటతో సరిపోదు, పంది కొవ్వుతో వండారేమో విడిగా అడగాలి. చిక్కుళ్ల సూపులో పొగబెట్టిన పంది మాంసం ఉండడం మామూలే.

సెంటర్‌లోని ఒక టూరిస్టు రెస్టారెంట్లో మాకు పన్నెండు శాతం సర్వీస్ ఛార్జి వేసి, పైన టిప్పు కూడా అడిగారు. బిల్లులో 'సెర్వీజ్‌దీయ్', అంటే సర్వీస్ ఛార్జి, అన్న లైను ఉంటే టిప్పు ఇవ్వక్కర్లేదు.

బస విషయానికొస్తే, 7వ డిస్ట్రిక్ట్‌లో రూయిన్ బార్ల (పాడుబడ్డ పాత కట్టడాల్లో పెట్టిన బార్లు) హోరుకి తెల్లారేదాకా నిద్ర ఉండదు. కుర్రాళ్లకి బాగుంటుంది. మేం కాల్విన్ టేర్ అనే కూడలి దగ్గర కిచెన్ ఉన్న అపార్ట్‌మెంట్ తీసుకున్నాం. మార్కెట్‌కి నడిచి వెళ్లొచ్చు, రెండు మెట్రో లైన్లు ఉన్నాయి. పాత బిల్డింగు, మధ్యలో లోగిలి, చుట్టూ ఇనుప కటకటాల వరండాలు. చూడ్డానికి అందం. లిఫ్టు మాత్రం పనిచేయలేదు, నాలుగో అంతస్తుకి సూట్‌కేసులు మోశాం. పెద్దవాళ్లతో వెళ్తే లిఫ్టు గురించి ముందే మెసేజ్ పెట్టి అడగండి.

తిరగడానికి 72 గంటల పాస్ చాలు. విడి టికెట్ కొంటే మిషన్‌లో ముద్ర వేయించాలి, లేకపోతే ఫైన్. ఎయిర్‌పోర్టు 100ఇ బస్సుకి మాత్రం వేరే టికెట్.

తీపి తినేవాళ్లకి పలచటి పిండి పొరల్లో చుట్టిన గసగసాల రేతెష్, గసగసాలూ యాపిలూ వాల్‌నట్టూ పొరలు పొరలుగా పెట్టిన యూదుల ఫ్లోద్ని. రెండూ బ్రహ్మాండం. కట్టించుకుని హైదరాబాద్ తెచ్చుకుందామంటే ఒక చిక్కుంది. యూఏఈలో గసగసాలు నిషేధం. తిరుగు విమానం దుబాయ్ మీదుగా అయితే ఒక్క ముక్క కూడా బ్యాగులో మిగల్చకుండా, బుడాపెస్ట్‌లోనే తినేసి బయల్దేరండి.