పదకొండేళ్లుగా నా బల్ల మీద టెక్ట్రానిక్స్ 545ఏ

మేముండేది అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో, హిల్స్‌బరోలో. టెక్ట్రానిక్స్ కంపెనీ ఉన్న బీవర్టన్ మాకు పక్క ఊరే. అందుకే ఈ చుట్టుపక్కల గ్యారేజీల్లో వాళ్ల పాత ట్యూబు ఆసిలోస్కోపులు ఇంకా దొరుకుతుంటాయి. ఆసిలోస్కోప్ అంటే విద్యుత్ సిగ్నల్ ఎలా మారుతోందో తెర మీద గీతగా చూపే పరికరం; వీటిలో పనిచేసేవి పాతకాలపు వాక్యూమ్ ట్యూబులు. ఒక రిటైరైన ఇంజనీరు గారి దగ్గర ఈ 545ఏ కొన్నాను. బరువు దాదాపు 30 కిలోలు, ఎత్తడానికి ఇద్దరు కావాలి. కరెంటు సుమారు అర కిలోవాట్ లాగుతుంది. బ్యాండ్‌విడ్త్, అంటే ఇది సరిగ్గా చూపగల సిగ్నల్ వేగం, 30 మెగాహెర్ట్జే. అయినా డిలేడ్ స్వీప్‌తో (గీత గీయడం కావాల్సినంత ఆలస్యంగా మొదలుపెట్టే ఏర్పాటు) పల్సులో కావాల్సిన ముక్కను పట్టుకుని చూడాలంటే ఇప్పటికీ నా చెయ్యి దీని మీదికే పోతుంది.

మొదటి ఏడాది నేను చేసిన పెద్ద తప్పు, తెర మీద గీత వణుకుతోందని ట్యూబులన్నీ ఒకేసారి కొత్తవి వేయడం. గీత వణకడం ఆగలేదు సరికదా, బాగున్న క్యాలిబ్రేషన్ (కొలత సరిగ్గా చూపేలా చేసిన సర్దుబాటు) కూడా పోయింది. పాతవన్నీ ఏ సాకెట్‌వి ఆ సాకెట్‌లో మళ్లీ పెట్టి, మాన్యువల్ మొదటినుంచీ చదివాను. ఇందులో −150, +100, +225, +350, +500 వోల్టుల సప్లైలు ఐదున్నాయి. మిగతా నాలుగూ −150ని ఆనుకుని నిలబడతాయి. అది తప్పితే అన్నీ తప్పుతాయి. కొలిస్తే అక్కడ −141 ఉంది, పైగా 120 హెర్ట్జ్ రిపుల్, అంటే నిలకడగా ఉండాల్సిన వోల్టేజీలో అలల్లాంటి ఊగు. ఎండిపోయిన ఫిల్టర్ కెపాసిటర్ ఒక్కటి మార్చాక −150కి వచ్చింది, గీత నిలబడింది. ట్యూబుల జోలికి వెళ్లే ముందు ఈ ఐదూ కొలవండి. స్విచ్ ఆపాక కూడా ఆ కెపాసిటర్లలో ప్రాణం తీసేంత చార్జి ఉంటుంది. రెసిస్టర్ పెట్టి దించి, మీటరుతో చూసుకున్నాకే చెయ్యి పెట్టండి. పిక్చర్ ట్యూబు వైపు పదివేల వోల్టులుంటాయి, ఇక అక్కడి సంగతి వేరే చెప్పాలా.

ఫ్యాన్ ఫిల్టర్‌ను మాత్రం మూణ్నెల్లకోసారి కడుగుతాను. అంతకుమించి నిర్వహణ అంటూ పెద్దగా లేదు.

నాకు ఈ యంత్రం మీద గౌరవం కలిగించింది లోపలి వైరింగ్. పార్టులన్నీ తెల్లటి పింగాణీ పట్టీల మీద వరుసగా కూర్చుని ఉంటాయి. పట్టీలోని గాడులకు వెండి పూత ఉంటుంది. మామూలు టంకం పెడితే ఆ వెండి టంకంలో కరిగిపోతుంది, పూత లేచొచ్చి పట్టీ పనికి రాకుండా పోతుంది. 3 శాతం వెండి కలిసిన టంకం అయితే పూతను తినదు. ఈ సంగతి రిపేరు చేసేవాడికి గుర్తుండాలని తయారీదారులు క్యాబినెట్ లోపలే ఆ టంకం చుట్ట ఒకటి తగిలించి అమ్మారు. అరవై ఏళ్ల తర్వాత ఎవడో తలుపు తీస్తాడు, వాడి చేతికి ఇది అందాలి అన్నట్టుగా ఉంటుంది.

కొనాలనుకునేవాళ్లు ముందు పక్క ప్యానెల్ తీసి ఆ చుట్ట ఉందో లేదో చూడండి. ఉంటే, లోపల చెయ్యి పెట్టినవాళ్లు తక్కువని ఒక ఆశ. నా దాంట్లో ఇంకా నాలుగు చుట్లు మిగిలాయి. వాటిని ముట్టుకోను, వెండి టంకం బయట కొనుక్కుని వాడతాను.