ఆరేళ్లు వాడాక: సొంతంగా చేసుకున్న కొక్కేలు, గడియలు ఎలా ఉన్నాయి

అలమర తలుపు గడియ ఊడిపోయిన రోజున బయటికెళ్లి కొత్తది తెచ్చే ఓపిక లేక, మూల పడి ఉన్న చెక్క ముక్కతో ఒకటి చేసి బిగించాను. అలా మొదలైంది. ఈ ఆరేళ్లలో ఇరవైకి పైగా కొక్కేలు, మూడు గడియలు, రెండు తలుపు ఆపు చెక్కలు చేశాను. కొన్ని ఇంకా పనిచేస్తున్నాయి, కొన్ని చెత్తబుట్టకెళ్లాయి.

బాగా కలిసొచ్చినవి ‘ఎస్’ ఆకారం కొక్కేలు. మొదటిసారి 2 మిల్లీమీటర్ల జీఐ తీగ, అంటే జింకు పూత ఉన్న ఇనుప తీగ, వాడాను. వంచడం తేలికే, కానీ నిండు సంచి తగిలిస్తే సాయంత్రానికి సాగిపోయేవి. 4 మిల్లీమీటర్ల తీగకు మారాక ఒక్కటీ సాగలేదు. మందం రెట్టింపైతే వంగకుండా తట్టుకునే బలం సుమారు ఎనిమిది రెట్లవుతుంది. ఆ సంగతి చేతులకే తెలిసొస్తుంది, ఎందుకంటే ఉత్త చేతులతో అది వంగదు. వైస్‌లో (వస్తువును కదలకుండా పట్టి ఉంచే బిగింపు పనిముట్టు) పైపు ముక్క బిగించి దాని చుట్టూ తిప్పాలి. వంపు నచ్చలేదని వెనక్కి లాగి మళ్లీ వంచితే అక్కడ పెళుసెక్కుతుంది, అందుకే కొలత ముందే చూసుకోవాలి. స్నానాల గదిలోవి రెండో ఏడే తుప్పు పట్టాయి, అదీ కొనల దగ్గరే. తీగ మీది జింకు పూత కోసిన చోట ఉండదు కదా. ఇప్పుడు కొనల్ని ఆకురాయితో నున్నగా రాసి, నెయిల్ పాలిష్ చుక్క వేస్తున్నాను. ఎర్ర చుక్కల కొక్కేలని ఇంట్లో నవ్వుతారు, నవ్వనీ.

గడియ మాత్రం తేలిగ్గా లొంగలేదు. మధ్యలో స్క్రూ, దాని మీద తిరిగే చెక్క బద్ద, అంతే కదా అనుకున్నాను. మొదటిది వారంలోపే స్క్రూ బెజ్జం దగ్గర ఫట్‌మని విరిగింది. బద్దను చెక్క నారకు (చెక్కలో పొడవునా కనిపించే గీతలకు) అడ్డంగా కోశాను, తప్పు అదే. నార బద్ద పొడవునా ఉండాలి. రెండోది విరగలేదు గానీ, తిప్పినప్పుడల్లా స్క్రూ కూడా దాంతోపాటు తిరిగి నెలకోసారి వదులయ్యేది. బిగిస్తే బద్ద కదలదు, వదిలేస్తే వేలాడుతుంది. చివరికి స్క్రూ తీసేసి, తలుపు గుండా బోల్టు దూర్చి, బద్దకు రెండు వైపులా వాషర్లు వేసి, రెండు నట్లను ఒకదానికొకటి బిగించాను. నాలుగేళ్లుగా ఆ నట్లను ముట్టుకోలేదు. వానాకాలంలో చెక్క నారకు అడ్డంగా ఉబ్బుతుంది, పొడవులో పెద్దగా మారదు. అందుకని బద్ద వెడల్పు వైపు కాస్త సందు వదలాలి. నేను వదల్లేదు, మొదటి వానలకే పట్టేసింది. సాండ్‌పేపర్ పట్టాల్సి వచ్చింది.

తలుపు ఆపు చెక్క గురించి ఒక్క మాట. వాలు ఎక్కువైతే తలుపు దాన్ని నెట్టుకుంటూ పోతుంది. 12 సెంటీమీటర్ల పొడవుకు రెండున్నర సెంటీమీటర్ల ఎత్తు సరిపోయింది. అడుగున సైకిల్ ట్యూబు ముక్క అంటించాను. జిగురు ఏడాదికి వదిలేసింది. తర్వాత ట్యూబును వెనక అంచు మీదికి మడిచి అక్కడే మేకులు కొట్టాను, నేల గీసుకోకుండా.

పూర్తిగా ఓడిపోయింది తలుపు బందుల (హింజీల) విషయంలో. పాత టైరు పట్టీతో చేసిన బందులు చూడ్డానికి భలేగా ఉన్నాయి, చప్పుడు కూడా లేదు. కానీ రబ్బరు బరువుకు మెల్లగా సాగుతుంది. ఆరు నెలలకు తలుపు అంచు అడుగుకు రాసుకుంటూ కర్రుమనేది. వాటిని పీకేసి కొన్నవే వేశాను. కదలకుండా బరువు మోసేవి నా చేతిపనిలో నిలబడ్డాయి. రోజుకు పాతికసార్లు కదిలేవి మాత్రం ఓపిక పరీక్షించాయి. వీధి తలుపు గడియ, తాళం జోలికైతే అసలు పోలేదు. తల మీద వేలాడే వాటి జోలికీ పోను.

డబ్బు మిగిలిందా అని అడుగుతుంటారు. వైస్, కటింగ్ ప్లయర్, డ్రిల్ బిట్లు కొన్నది లెక్కేస్తే నిజానికి లేదు. వైస్ అప్పు తెచ్చుకోగలిగితే మిగులుతుందేమో. నాకు దక్కిన లాభం వేరు: సరిగ్గా ఆ సందుకు పట్టే కొలతలో కొక్కెం దొరకడం. గోడకీ అలమరకీ మధ్య మూడు వేళ్ల ఖాళీలో చీపురు వేలాడదీసే కొక్కెం నేనెక్కడా చూడలేదు. నాది అక్కడే ఉంది, ఎర్ర చుక్కతో.